చింతపిక్కల ఆటకు నేను వేసిన తాళం

ఎండిన నేల అడుగున నీటిని దాచి, తవ్వే చేతికి దాన్ని చూపించే దేవునికి స్తోత్రం. తన సేవకుడు గర్వించినప్పుడు వాణ్ణి చంపకుండా, నలుగురి మధ్య నవ్వులపాలు చేసి సరిదిద్దే దేవునికి మరింత స్తోత్రం. ఈ రెండో రకం కృప నాకు అనుభవంలో ఉంది. దాని గురించే చెప్పబోతున్నాను.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీలో కొందరు సేవాసంస్థల్లో కొత్తగా ఉద్యోగాలకు చేరుతున్నారని మన సంఘంలో విన్నాను. నేనూ అనంతపురంలో అలాంటి ఒక చిన్న సంస్థలో కొన్నేళ్ళు శిక్షణ, ప్రచురణల పని చూశాను, అక్కడే రిటైరయ్యాను. ఆ సంస్థ ఇప్పుడు లేదు. పేరు చెప్పి దాన్ని సమాధిలోంచి లేపడం నా పని కాదు. ఉద్యోగంలో నాకు దక్కిన ఒకే ఒక బిరుదు కూడా సంస్థ ఇచ్చింది కాదు, జనం ఇచ్చారు. రాయదుర్గం నుంచి గోరంట్ల దాకా నన్ను కొంతకాలం ‘నోటీసు సారు’ అని పిలిచారు.

తొంభైల చివర వేరుశనగ మాటిమాటికీ దెబ్బతింటున్న రోజులు. ఊళ్ళకు వెళ్ళి నీటి పొదుపు గురించి, అప్పుల గురించి, పంట మార్చడం గురించి చెప్పడం మా పని. నేను చెప్పేవాణ్ణి, జనం నిద్రపోయేవారు. ఆదివారం వాక్యం చెప్పినప్పుడు కూడా మా సంఘంలో కొందరు కునికేవారు కాబట్టి నాకది కొత్తగా అనిపించలేదు. మా సంస్థలో బొమ్మలు గీసే కుర్రాడు ఒకడుండేవాడు. ఆర్టిస్టు తమ్ముడు అంటాను అతన్ని. ఒకరోజు జీపులో తిరిగి వస్తుంటే అతనే మొహం మీద అనేశాడు.

“అన్నా, నువ్వు మాట్లాడతాంటే నాకే నిద్రొస్తాది. వాళ్ళని మాట్లాడనీ.”

అలా పుట్టింది చింతపిక్కల ఆట. చాప పరుస్తాం. ఒక గుడ్డసంచిలో కుండపెంకులుంటాయి. ఒక్కో పెంకు మీద ఒక మనిషి బొమ్మ: రైతు, గొర్రెల కాపరి, మగ్గం నేసే ఆమె, వడ్డీకిచ్చే ఆసామి, బోరు లారీ మేస్త్రీ. సంచిలో చెయ్యి పెడితే ఏ పెంకు వస్తే ఆ మనిషివి నువ్వే. ఒకరు కథ నడుపుతారు. ‘మబ్బు పట్టింది. విత్తనం ఇంట్లో లేదు. ఏం చేస్తావు?’ అంటారు. నువ్వు ఆ మనిషిగానే జవాబు చెప్పాలి, బేరమాడాలి, పోట్లాడాలి. వాన పడిందో లేదో ఒకవైపు అరగదీసిన చింతపిక్కలు వేసి తేలుస్తారు. తెల్లవైపు ఎక్కువ పడితే వాన. మన జిల్లా కాబట్టి అన్నీ తెల్లవి పడినా తుంపరతో సరిపెట్టాలన్నాడు ఆర్టిస్టు తమ్ముడు. ఆ నిరాశ విశ్వాసికి తగదని నేను ఒప్పుకోలేదు.

నేను పెట్టిన నియమాలు రెండున్నాయి. చాప మీద కూర్చోనివాళ్ళు మాట్లాడకూడదు. ఊరి పెద్దలు చుట్టూ నిలబడి సలహాలిస్తుంటే ఆట సాగదు కాబట్టి ఇది. సంచిలో వచ్చిన పాత్రను వద్దనకూడదు, ఆట ముగిసేదాకా సొంత పేరు కూడా ఉండదు. ఇది రెండోది. వీటిని గుర్తుంచుకోండి. ఇంకొకరి కోసం ఉరికొయ్య నాటించి దాని మీద తానే వేలాడిన హామాను సంగతి చదివినవాళ్ళకు నా కథ ఎటు పోతుందో ఇప్పటికే తెలిసి ఉంటుంది.

మొదట మా పాస్టరుగారు అభ్యంతరం చెప్పారు. సిలువ కింద సైనికులు చీట్లు వేసుకున్నారు, పిక్కలు వేయడం ఆ జాతిదేనన్నారు. యూదా స్థానంలో ఇంకొకరిని ఎన్నుకోవడానికి అపొస్తలులు కూడా చీట్లు వేశారు కదయ్యా అన్నాను. ఆయన చాప మీద కూర్చుని చెయ్యి పెడితే వడ్డీ ఆసామి పెంకు వచ్చింది. ఊరు మొత్తాన్ని అప్పులో ముంచి ఆయనే గెలిచారు. ఆ తర్వాత అభ్యంతరం వినపడలేదు.

ఈ ఆట ఎలా ఆడాలో చెప్పే చిన్న పుస్తకం అచ్చు వేసేటప్పుడు చివరి అట్ట మీద ఏం రాయాలన్న ప్రశ్న వచ్చింది. ఆర్టిస్టు తమ్ముడి బంధువు ఒకాయన బెంగుళూరులో కంప్యూటర్ల పనిలో ఉండేవాడు. అక్కడ కొందరు తాము రాసిన ప్రోగ్రాములను ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు అని ఊరికే వదిలేస్తున్నారట. ఆ మాట విని నా గుండె పొంగింది. ఉచితంగా పొందినదాన్ని ఉచితంగా ఇమ్మని చిన్నప్పటి నుంచి విన్నవాణ్ణి కదా. కలం తీసుకుని ఇలా రాశాను: ‘ఈ ఆట అందరిది. నకలు తీసుకోండి, మార్చుకోండి, చేర్చుకోండి. ఎవరినీ అడగనక్కర్లేదు. మీరు చేర్చినదాన్ని కూడా ఇలాగే నలుగురికీ వదలండి.’ నా జీవితంలో నేను రాసిన మంచి వాక్యాలు ఇవే. వీటి మీదే తర్వాత నేను కాలు పెట్టి తొక్కాను.

ఆట మా చేతిలోంచి జారి ఊళ్ళు పట్టుకు పోయింది. ధర్మవరం నేతవాళ్ళు వాన తీసేసి పట్టు ధర పెట్టుకున్నారు. రాప్తాడు దగ్గర గొర్రెలు మేపే ఒక పెద్దాయన గొర్రెలకు కూడా పెంకులు చేశాడు. ఆయన ఆటలో గొర్రెలు మాట్లాడేవి, ఎక్కువగా మనుషుల మీద చాడీలు.

అన్నింటికంటే పదునైన ఆట రాయదుర్గంలో తయారైంది. జీన్సు ప్యాంట్లు కుట్టే ఒక షెడ్డులో పనిచేసే ఆమె దాన్ని కట్టింది. అందరూ అక్కా అనేవారు, నేనూ అలాగే అంటాను. వాళ్ళ పిక్కలు తేల్చేది కరెంటును. నిజంగా కరెంటు పోయి మిషన్లు ఆగినప్పుడే వాళ్ళు చాప పరిచేవారు. కుట్టే పిల్ల, మేస్త్రీ, ఓనరు, వాచ్‌మన్ అని పెంకులు. ఆ షెడ్డులో తాగే నీళ్ళు లోపల లేవు, మరుగుదొడ్డికి తలుపు లేదు. ఓనరు ముందు నోరు పెగలని ఆడపిల్లలు చాప మీద ఓనరై కసిరేవారు, ఇంకొకరు ఆ కసురును తట్టుకుని అడగడం నేర్చుకునేవారు. బాగా నేర్చుకున్నాక నిజం ఓనరును అడగాలని అక్క ఆలోచన.

ఆ సమయంలోనే ఎక్కడో పెద్ద ఊళ్ళో పుస్తకాల వ్యాపారి ఒకాయన మా ఆటను రంగుల పెట్టెలో పెట్టి బడులకు అమ్ముతానన్నాడు. హక్కులన్నీ సంస్థవే అని కాగితం కావాలన్నాడు. మా సంస్థ పెద్దసారు నన్ను పిలిచారు.

“ఏమయ్యా, ఊరూరా మన ఆటను చించి చాటలు చేస్తాండారంట. గొర్రెలు మాట్లాడేదేంది? ఇంగ చాలు. ఇది మనదని గట్టిగా చెప్పు.”

“మనమే అందరిదని అచ్చేశాం కదండీ,” అన్నాను, అంత గట్టిగా కాదు.

“అప్పుడన్నాం. ఇప్పుడు కాదంటాం. నువ్వు రాస్తే జనం వింటారు. నీ భాషలో దేవుడి బరువుంటాది.”

తమ్ముళ్ళూ, సాతానుకు మన ప్రభువును శోధించడానికి ఎత్తయిన కొండ ఎక్కించి లోకరాజ్యాలు చూపించాల్సి వచ్చింది. నాకు నీ భాష బాగుంటుంది అంటే చాలు.

ఆ సాయంత్రమే రాశాను. పరిశుద్ధ గ్రంథం ముగింపులో, అందులోని మాటలకు కలపవద్దు తీయవద్దు అనే హెచ్చరిక ఒకటుంది. భయభక్తులతో చదవాల్సిన ఆ చోటును నమూనాగా పెట్టుకుని, కుండపెంకుల ఆటకు నోటీసు తయారుచేశాను. ‘ఈ ఆటయందు ఒక్క పెంకునైనను ఎవడును చేర్చరాదు, ఒక్క పెంకునైనను తొలగింపరాదు. ఇంతవరకు చేర్చబడినవన్నియు సంస్థకే చెందును. అనుమతి లేక ఆడించువాడు దొంగ యగును.’ కింద నా సంతకం. చదువుకుని నేనే కాసేపు వణికాను, అంత బాగా వచ్చిందని.

ఆర్టిస్టు తమ్ముడికి చూపించి చుట్టూ ఒక లత గీయమన్నాను.

“అన్నా, ఇది నోటీసా, శాపమా?” అన్నాడు.

“సంస్థ క్షేమం కోసం, తమ్ముడూ. పరిస్థితులు మారాయి.”

“పరిస్థితి మారింటే మారినాది. మాట ఇచ్చింది నువ్వే గదా. పుస్తకం తిప్పి చూడు, నీ చేత్తో రాసిందే ఉండాది.”

“నీకు బొమ్మలు తెలుసు, పరిపాలన తెలియదు.”

“అయితే లత కూడా నువ్వే గీసుకో పోన్నా.”

నేనే గీశాను. ద్రాక్షతీగ గీయాలనుకున్నాను. అచ్చయ్యాక చూస్తే నోటీసు చుట్టూ జెర్రులు పాకుతున్నట్టుంది.

నోటీసు ఊళ్ళకు చేరింది. పోస్టుకార్డులు రావడం మొదలైంది. చాలావాటిలో నన్ను ‘తమరు’ అన్నారు, మన ప్రాంతంలో అంత మర్యాద చేశారంటే కోపం ముదిరిందని అర్థం. ధర్మవరం వాళ్ళు మా పుస్తకాలన్నీ ఒక మూటగా తిప్పి పంపారు. కొన్ని ఊళ్ళవాళ్ళు ఆటకు కొత్త పెంకు చేసుకున్నారు: కళ్ళజోడు, పైకెత్తిన వేలు. అది ‘నోటీసు సారు’ పాత్ర. ఆ పెంకు వచ్చినవాళ్ళు ఆటంతా బైబిలు భాషలోనే మాట్లాడాలట. పెంకు చేర్చకూడదని రాసినందుకు నన్నే పెంకు చేసి చేర్చారు. నేను దీన్ని హింస అనుకున్నాను. నీతి నిమిత్తం హింసింపబడేవారు ధన్యులు కదా అని ఇంట్లో నా భార్యతో అన్నాను. “నీతి యాడుందో ముందు చూసుకోండి,” అని ఆమె చపాతీ తిప్పింది.

ఒక మధ్యాహ్నం రాయదుర్గం అక్క ఆఫీసుకు వచ్చింది. బస్సు దిగి నేరుగా వచ్చినట్టుంది, కొంగుతో ముఖం తుడుచుకుంటూ నా బల్ల ముందు నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

“సారూ, నీ నోటీసు మా ఓనరు గోడకు అంటిచ్చినాడు.”

“ఎవరిచ్చారమ్మా ఆయనకు?”

“ఎవురిస్తే ఏం? ‘మీ సంస్థోళ్ళే దొంగాట అంటాండారు, నా షెడ్డులో దొంగాట ఆడేది లేదు’ అన్నాడు. కరెంటు పోతే ఇంగ మిషన్ల కాడనే కూసోవల్లంట. నీళ్ళు అడగాలని పిల్లోళ్ళు తయారైనారు సారూ. ఇప్పుడు మల్లా నోరు మూసుకున్నారు.”

“అనుమతి కోసం ఒక అర్జీ పెట్టుకోమ్మా. పరిశీలిస్తాం.”

ఆమె నా బల్ల మీదికి వంగింది.

“మేస్త్రీ పెంకు మేము చేసినాం. ఓనరు పెంకు మేము చేసినాం. అవన్నీ నీకిచ్చేసి, వాటితో ఆడుకుంటామని మల్లా నిన్నే అడుక్కోవల్లనా? బాగుండాదప్పా న్యాయం. వచ్చే వారం గోరంట్లలో ఈ ఆటాడే ఊర్లోళ్ళం అందరం కలుస్తాండాం. ఆడికి రా. ఈ మాట ఆడ చెప్పు.”

వస్తానన్నాను. పెద్దసారు కూడా పొమ్మన్నారు, నోటీసు అందరి ముందూ చదివి రమ్మన్నారు. గోరంట్ల బస్సులో దారి పొడవునా ప్రార్థన చేసుకున్నాను. సింహాల గుహలో దానియేలుగా నన్ను నేను ఊహించుకున్నాను. న్యాయం సింహాల వైపు ఉండవచ్చన్న ఆలోచన మాత్రం రాలేదు.

ఒక బడి హాలులో అంతా చేరారు. మధ్యలో చాప. నేను నోటీసు విప్పి గొంతు సవరించుకున్నాను.

“సారూ,” అన్నాడు రాప్తాడు పెద్దాయన, సంచి ఒళ్ళో పెట్టుకుని. “చాప మీద కూసోనోళ్ళు మాట్లాడగూడదు. నీ రూలే.”

నవ్వారు. సరేనని చెప్పులు విడిచి కూర్చున్నాను.

“కూసుంటే పెంకు తియ్యల్ల. అదీ నీ రూలే. మేమందరం తీసుకున్నాం.”

సంచిలో చెయ్యి పెట్టాను. నూతి గిలక బొమ్మ ఉన్న పెంకు వచ్చింది. ఇది నేనెప్పుడూ చూడని బొమ్మ. ఆర్టిస్టు తమ్ముడి చెయ్యి అని తర్వాత తెలిసింది. అతను గోడకు ఆనుకుని పైకప్పు లెక్కబెడుతున్నట్టు చూస్తున్నాడు.

పెద్దాయన కథ ఎత్తుకున్నాడు. ఒక ఊళ్ళో ఒక పుణ్యాత్ముడు బావి తవ్వించి, ఎవరైనా తోడుకోండి, బాగు చేసుకోండి అన్నాడు. జనం దాన్ని ఇంకా లోతుకు తవ్వారు, మెట్లు కట్టారు. నేను గిలక పెట్టినవాణ్ణి. ఏళ్ళు గడిచాయి. ఇప్పుడు ఆ పుణ్యాత్ముడి మనవడు తాళం తీసుకుని వచ్చాడు. ఆ మనవడి పెంకు రాయదుర్గం అక్క చేతిలో ఉంది.

“ఏమప్పా గిలకాయనా,” అంది అక్క, నడుం మీద చేతులు పెట్టుకుని. “పక్కకు తప్పుకో. తాళమేయల్ల.”

ఇక్కడ మీరు నా బలహీనత ఒకటి తెలుసుకోవాలి. బావుల మీద నాకు ఒక ప్రసంగం ఉంది. అబ్రాహాము తవ్వించిన బావులను ఫిలిష్తీయులు మన్ను పోసి పూడ్చడం, ఇస్సాకు వాటిని తిరిగి తవ్వించడం. మన ప్రాంతంలో ఏ సంఘానికి పిలిచినా అదే చెప్పేవాణ్ణి. అది మొదలైతే నేను ఆగను.

“ఎట్లా వేస్తావు తాళం?” అన్నాను. “మీ తాత మాట ఇచ్చాడు కదా!”

“తాత ఇచ్చినాడు. నేనియ్యలే.”

“మాట ఇచ్చాక అది ఇచ్చినవాడి సొత్తు కాదయ్యా, పుచ్చుకున్నవాడి సొత్తు! ఆ మాట నమ్మే కదా ఈ ఊరు మెట్లు కట్టింది? నేను గిలక పెట్టింది? నీ బావి కావాలంటే మెట్లు ఊడదీసుకుని పోతాం, గిలక ఊడదీసుకుని పోతాను, అప్పుడు మిగిలిన గొయ్యికి వేసుకో తాళం! బావులు పూడ్చే జాతి నాకు తెలుసు. దేవుని గ్రంథంలో వాళ్ళకొక పేరుంది!”

చాప మీద లేచి నిలబడ్డాను కూడా. హాలు చప్పట్లు కొట్టింది. నాకు అంత మంచి సభ ఎప్పుడూ దొరకలేదు. ఒక్కరూ నిద్రపోవడం లేదు.

అక్క తొణకలేదు. రవికలోంచి మడిచిన కాగితం తీసి, వేలు పైకెత్తి, ఎవరిదో గొంతు పెట్టి చదివింది. “‘ఈ బావియందు ఒక్క మెట్టునైనను ఎవడును చేర్చరాదు, ఒక్క మెట్టునైనను తొలగింపరాదు. ఇంతవరకు చేర్చబడినవన్నియు మనవడికే చెందును. అనుమతి లేక తోడువాడు దొంగ యగును.’”

ఆ గొంతు ఎక్కడో విన్నట్టుంది. మాటలూ విన్నట్టే ఉన్నాయి. కానీ బండి వాలులో పడింది, బ్రేకు అందలేదు.

“ఎవడు రాశాడిది?” అని అరిచాను. “దేవుని భయం ఉన్నవాడు రాసే మాటేనా? వాడి సంతకం చూపించు!”

అక్క కాగితం నా వైపు తిప్పింది. చుట్టూ జెర్రులు. కింద నా సంతకం.

మొదట ఎవరూ నవ్వలేదు. అది వాళ్ళ మంచితనం. నేను కాగితాన్ని చూసి, నా చేతిలోని గిలక పెంకును చూసి, కూలబడ్డాను. నా పక్కన కూర్చున్న ధర్మవరం ముసలామె నా భుజం తట్టి, “పోనీలే నాయనా, బాగా తిట్టినావు,” అంది. అప్పుడు హాలు పగిలింది. నవ్వి నవ్వి కొందరు చాప మీద పడ్డారు. చివరికి నేనూ నవ్వాను. ఏడుపు ఆపుకోవడానికి అదొక్కటే దారి.

ఆట ముగిశాక ప్రతివాళ్ళూ తమ పాత్ర గురించి ఒక మాట చెప్పి సొంత పేరు తిరిగి తీసుకోవాలి. నా వంతు వచ్చింది. “గిలకాయన చెప్పిందే నిజం. నోటీసు సారు చదవడానికి తెచ్చింది చదవడు,” అన్నాను. అంతకంటే చెప్పే అధికారం నాకు లేదు.

మర్నాడు పెద్దసారు ముందు నిలబడ్డాను. జరిగింది దాచకుండా చెప్పాను.

“అంటే, నీ నోటీసును నువ్వే తిట్టొచ్చినావు.”

“అవునండీ. చాలా బాగా తిట్టాను.”

“ఆ పెట్టె వ్యాపారి కూడా ఇంత గొడవున్న సరుకు నాకొద్దన్నాడులే. ఇంగ దేనికి ఈ తాళం? మల్లా రాయి. వెనకటి మాటే మన మాట అను.” ఆయన మారుమనస్సులో వ్యాపారి వాటా ఎంతో, పరిశుద్ధాత్మ వాటా ఎంతో నేను తూకం వేయలేదు. రెండో నోటీసు రాస్తుంటే ఆర్టిస్టు తమ్ముడు పక్కనే నిలబడ్డాడు. “ఒక్క వాక్యం మించితే కలం లాక్కుంటా అన్నా,” అన్నాడు. ఒక్క వాక్యమే రాశాను. శిక్షణ పని నా నుంచి తీసి నన్ను స్టేషనరీ గదికి మార్చారు. అక్కడ నేను ఎవరికీ ప్రసంగించలేదు, చీపుర్లు వినవు కాబట్టి.

కొందరు తిరిగి రాలేదు. ధర్మవరం వాళ్ళు మా ఆట వదిలి సొంత ఆట ఒకటి అల్లుకున్నారు. ఈసారి దాని మీద మా పేరు ఎక్కడా లేదు. ఆడి చూశాను. మాదానికంటే బాగుంది. నమ్మకం పోయాక ఉపకారం చేసినా అది తిరిగి రాదని మీకు చెప్పడానికే ఈ మాట రాస్తున్నాను.

కొత్త నోటీసు తీసుకుని రాయదుర్గం నేనే వెళ్ళాను. గోడ మీద నా జెర్రుల కాగితం ఇంకా ఉంది. ఓనరు కొత్తదాన్ని దాని పక్కన పెట్టి చూశాడు.

“పోయిన నెల దొంగాట అంటిరి. ఇప్పుడు కాదంటిరి. మీకొక మాట అంటూ ఉండాదా?”

“ఉండేదండీ. మధ్యలో పోగొట్టుకున్నాం. దొరికింది,” అన్నాను.

“కరెంటు లేనప్పుడు ఏమన్నా ఆడుకోనీ పో,” అని ఆయన విసుక్కున్నాడు. నేనే గోడ దగ్గరికి వెళ్ళి నా కాగితం గీకాను. సంతకం ఉన్న మూల మాత్రం ఊడలేదు. కాసేపటికి కరెంటు పోయింది. అక్క చాప పరిచింది. ఆ వేసవిలోనే పిల్లలు ఓనరును అడిగారు. నీళ్ళ డ్రమ్ము లోపలికి వచ్చింది. మరుగుదొడ్డి తలుపుకు ఇంకా చాలా ఆటలు పట్టాయి.

గోరంట్లలో ఆ గిలక పెంకు నా చేతికి రావడం దేవుని కార్యమని చాలా ఏళ్ళు సంఘాల్లో సాక్ష్యం చెప్పాను. అన్ని పెంకులున్న సంచిలో ఆ ఒక్కటే నా వేలికి ఎలా తగిలింది అని అడిగి, విశ్వాసుల కళ్ళలో నీళ్ళు చూసి తృప్తిపడేవాణ్ణి. ఒకసారి రాప్తాడులో బస్సు కోసం నిలబడి ఉంటే గొర్రెల పెద్దాయన కనిపించాడు. ఆయనకూ ఆ సాక్ష్యం వినిపించాను. ఆయన బీడీ ఆర్పి, జాలిగా చూశాడు.

“సారూ, ఆ సంచిలో ఉన్నెవన్నీ గిలక పెంకులే. నువ్వు యాడ చెయ్యి పెట్టినా గిలకే.”

“అదేంటి! అది నియమం కాదు కదా?”

“మార్చుకోండి, ఎవురినీ అడగనక్కర్లేదు అని నువ్వే రాసినావు గదప్పా.”

బస్సు వచ్చింది, పోయింది. నేను ఎక్కలేదు.

సాక్ష్యం ఇప్పటికీ చెబుతున్నాను, సంచి సంగతి కూడా కలిపి. దేవుడు గాడిద నోట మాట్లాడించాడు, గొర్రెల కాపరి సంచిలో చెయ్యి పెట్టలేడా? ఇక మీ తలలు వంచి నాతోపాటు ఈ కొంచెం ప్రార్థన చేయండి. ప్రభువా, మేము తవ్వని బావుల నీళ్ళు మాకు తాగించావు, నీకు వందనం. మా చేతుల్లో ఉన్న తాళాలను తీసుకో. ఏ షెడ్డులోనైనా అడగడానికి నోరు పెగలని ఆడబిడ్డ ఉంటే ఆమెకు ఒక చాప, నలుగురు తోడు దయచేయి. మా మాట మేమే తప్పిన రోజున మా సొంత గొంతు మాకు వినిపించు, వినేవాళ్ళు నవ్వినా సరే. మా మెట్ట చేల మీద వాన కురిపించు, తుంపరైనా చాలు. ఆమేన్.